ఆటబొమ్మ నుంచి ఆకాశం దాకా

విమానయాన చరిత్రను సాధారణంగా 1903 డిసెంబరు 17తో ఆరంభిస్తారు. ఆనాడు అమెరికాలోని కిట్టీహాక్ సమీపాన, ఇసుకనేలపై ఆర్విల్ రైట్ 12 సెకన్లపాటు గాలిలో నిలిచి సుమారు 37 మీటర్ల దూరం ప్రయాణించాడు. అయితే అంతకు 32 సంవత్సరాల ముందే, 1871 ఆగస్టులో, పారిస్ నగరంలోని ట్యూలరీ ఉద్యానవనంలో ఆల్ఫాన్స్ పెనో అనే ఫ్రెంచి యువకుడు మెలిపెట్టిన రబ్బరుతాడుతో నడిచే చిన్న విమానాన్ని 11 సెకన్లపాటు, దాదాపు 40 మీటర్ల దూరం ఎగిరించాడు. ఈ రెండింటి కొలతలలోని పోలిక యాదృచ్ఛికమే కావచ్చు. వాటి మధ్య గల సంబంధం మాత్రం యాదృచ్ఛికం కాదు. 1878లో రైట్ సోదరుల తండ్రి తన కుమారులకు పెనో రూపకల్పనను అనుసరించి తయారైన ఒక ఎగిరే బొమ్మను కానుకగా తెచ్చాడు. అప్పటికి విల్బర్‌కు పదకొండేళ్లు, ఆర్విల్‌కు ఏడేళ్లు. బొమ్మ విరిగిపోగా వారు స్వయంగా అటువంటివి తయారు చేశారు. పరిమాణం పెంచినకొద్దీ బొమ్మ సరిగా ఎగరకపోవడం గమనించారు. కొనుక్కున్న వస్తువు ఇవ్వని పాఠాన్ని చేసుకున్న వస్తువు ఇచ్చింది.

ఫ్రాన్సులో వికసించిన ఈ విమానాసక్తి భారతదేశ చరిత్రలోనూ తన ముద్ర వేసింది. 1911 ఫిబ్రవరి 18న అలహాబాదు నుంచి నైనీకి సుమారు 6,500 ఉత్తరాలను విమానంలో చేరవేసిన హెన్రీ పెకే ఫ్రెంచి వైమానికుడే. 1904లో పారిస్‌లో జన్మించిన జె.ఆర్.డి. టాటా బాల్యంలో తన కుటుంబపు సముద్రతీర విడిదికి పొరుగున, 1909లో ఇంగ్లీషు ఛానెల్‌ను దాటిన లూయీ బ్లెరియో కుటుంబం ఉండేది. అక్కడ విమానాలను చూస్తూ పెరిగిన ఆ బాలుడు 1929లో భారతదేశంలో వైమానికుడిగా తొలి అనుమతిపత్రం పొందాడు. 1932 అక్టోబరు 15న కరాచీ నుంచి బొంబాయికి తపాలా విమానం నడిపాడు. అక్కడి నుంచి అదే తపాలాను నెవిల్ విన్సెంట్ బళ్లారి మీదుగా మద్రాసుకు చేర్చాడు. పసితనపు ముచ్చట ఒక దేశపు పౌరవిమానయానానికి బీజమైన ఉదాహరణ ఇది.

1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్న పుదుచ్చేరికి మాత్రం విమానం నిలకడగా రాలేదు. పట్టణానికి వాయవ్యంగా లాస్‌పేటలోని విమానాశ్రయపు పరుగుబాట పొడవు సుమారు 1,500 మీటర్లు. పెద్ద జెట్ విమానాలు దిగడానికి అది చాలదు. 2013లో ఆరంభమైన బెంగుళూరు సర్వీసు ఎక్కువకాలం సాగలేదు. 2017 ఆగస్టులో ఉడాన్ పథకం కింద హైదరాబాదుకు విమానం మొదలైంది. అదీ 2024లో నిలిచి, ఆ ఏడాది డిసెంబరులో మరొక సంస్థ ద్వారా బెంగుళూరు, హైదరాబాదు సర్వీసులు పునఃప్రారంభమయ్యాయి. ఇటువంటి పట్టణంలో విమానంపై మనసుపడిన పసివాడికి విమానాన్ని చూపించడం ఒక్కటే మార్గమైతే, వాడి ఉత్సాహం కాలపట్టికల దయపై ఆధారపడవలసి వస్తుంది.

అదృష్టవశాత్తు విమానవిద్యకు మూలద్రవ్యం గాలి. ఎండకు నేల త్వరగా వేడెక్కగా, చల్లని సముద్రం మీది గాలి తీరానికి వీస్తుంది; వేసవి పగళ్లలో పుదుచ్చేరివాసులకు ఇది అనుభవైకవేద్యం. నాలుగైదేళ్ల బిడ్డకు తాటాకు ముక్కలను పుల్లకు గుచ్చి పెద్దలు చేసియిచ్చే గిరక చాలు. గాలికి ఎదురుగా పరుగెత్తితే అది తిరగడం, ఆగితే మందగించడం చూచి, కంటికి కనబడని గాలికి బలమున్నదని బిడ్డ గ్రహిస్తాడు. ఆరేడేళ్లవారికి కాగితపు విమానం తగినది. ముక్కు పైకెత్తి ఆగి కూలిపోతే ముందుభాగాన మరొక మడత వేసి బరువు పెంచాలి. నేరుగా నేలకు దిగిపోతే రెక్కల వెనుక అంచులను కొద్దిగా పైకి వంచాలి. ఒకసారికి ఒక్క మార్పే చేసి, ఎన్ని అడుగులు వెళ్లిందో గోడపై సుద్దతో రాయిస్తే, ఆట పరిశోధనగా మారుతుంది. తొమ్మిది పదేళ్లకు పెనో మార్గంలో రబ్బరుతాడు విమానాన్ని పెద్దల తోడ్పాటుతో నిర్మించవచ్చు.

గాలిపటం వీటన్నిటిలో ప్రాచీనమైనది. 1899లో విల్బర్ రైట్ తన రెక్కల నియంత్రణ సూత్రాన్ని మొదట పరీక్షించినది ఒక గాలిపటం మీదనే. అయితే గాజుపొడి పూసిన దారం, నైలాన్ మాంజా పక్షులకు, మనుషులకు ప్రాణాంతకమైనందున 2017లో జాతీయ హరిత న్యాయస్థానం వాటిని దేశమంతటా నిషేధించింది. పిల్లల చేతికి నూలుదారమే ఇవ్వాలి. విమానాశ్రయ పరిసరాలలో ఎగురవేయరాదన్న నియమాన్నీ ఆటలో భాగంగానే చెప్పాలి.

ఈ విషయంలో ప్రభుత్వ సంస్థలకు గల పాత్ర చిన్నది కాదు. 1956లో నెహ్రూ చొరవతో ఢిల్లీలో నెలకొన్న బాలభవన్ ఆదర్శంగా హైదరాబాదులోనూ, పుదుచ్చేరిలోనూ జవహర్ బాలభవన్లు ఏర్పడ్డాయి. ఢిల్లీ బాలభవన్ వ్యాసంగాలలో విమాన నమూనాల నిర్మాణానికి చోటు దక్కింది. జాతీయ విద్యార్థి సైనికదళపు వైమానిక విభాగంలోనూ అది శిక్షణాంశమే. కాని ఆ దళంలో చేరే వయసు వచ్చేసరికి పసితనపు ప్రశ్నలు చాలావరకు అణగిపోతాయి. పుదుచ్చేరి సాగరతీరంలో పాత దీపస్తంభం చెంత నెలకొల్పిన జవహర్ బొమ్మల ప్రదర్శనశాల వివిధ రాష్ట్రాల వేషధారణలను అద్దాల వెనుక చూపింది. అది చూడవలసిన బొమ్మల లోకం. విమానం బొమ్మ మాత్రం విసరవలసినది, విరగవలసినది, మళ్లీ అతికించవలసినది.

అందుకు కావలసిన వ్యయం స్వల్పం: కాగితం, వెదురుపుల్లలు, జిగురు, రబ్బరుతాడు, ఒక ఖాళీ స్థలం, ఓపిక గల ఒక ఉపాధ్యాయుడు. పుదుచ్చేరి తీరంలోనే కాదు, అదే కేంద్రపాలిత ప్రాంతానికి చెందిన తెలుగువారి యానాంలో గోదావరి ఒడ్డున గల పాఠశాలలకూ ఇది అందుబాటులోని పని. కొనియిచ్చిన బ్యాటరీ విమానం మీట నొక్కితే ఎగురుతుంది, ఎందుకు ఎగిరిందో చెప్పదు. తన చేతితో మడిచినది పడిపోయినప్పుడే బిడ్డ “ఎందుకు?” అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు వారానికి ఒక సాయంకాలం చోటు కల్పించగల సంస్థ, పట్టణానికి ఎన్ని విమానాలు వచ్చినా రాకున్నా, దేశానికి కావలసిన పనే చేస్తున్నట్లు.