కొంటామన్నా అమ్మని కారు

2025 సెప్టెంబర్లో ఒక రాత్రి ఫ్రీమాంట్ నుంచి మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. వాడికి అప్పుడే తెల్లారింది, నేను భోంచేసి పడుకోబోతున్నాను.

"అన్నా, ఎలక్ట్రిక్ కారు లీజుకి తీసుకుందామనుకుంటున్నా. ఈ ముప్పయ్యో తారీకు దాటితే ఏడున్నర వేలు పోతాయంట."

ఏడున్నర వేలంటే డాలర్లు. 2022లో బైడెన్ ప్రభుత్వం తెచ్చిన చట్టం ప్రకారం ఎలక్ట్రిక్ కారు కొంటే 7,500 డాలర్ల వరకు పన్ను తగ్గింపు ఉండేది. కాకపోతే షరతులు బోలెడు. కారు ఉత్తర అమెరికాలో తయారవ్వాలి, బ్యాటరీ సరుకు ఫలానా దేశాల నుంచే రావాలి, కొనేవాడు ఒంటరివాడైతే ఏడాది సంపాదన లక్షన్నర డాలర్లు దాటకూడదు. మావాడి జీతం ఆ గీత దాటేసింది. అదే కారు లీజుకి తీసుకుంటే ఈ షరతులేవీ అడ్డు వచ్చేవి కావు. లీజులో కారు యజమాని కంపెనీ కదా. చట్టం దృష్టిలో అది వ్యాపార వాహనం. తగ్గింపు కంపెనీకి వెళ్ళేది, కంపెనీ దాన్ని నెలసరి కిస్తీలో కాస్త సర్దేది. అలా కారు సొంతం కానివాడికే చవగ్గా దొరికింది. 2025 జూలై 4న ట్రంప్ సంతకం పెట్టిన చట్టంతో ఈ తగ్గింపుకి సెప్టెంబర్ 30 ఆఖరి రోజు అయింది. ఒక్కడే డ్రైవ్ చేస్తున్నా కార్‌పూల్ లేన్లో దూసుకుపోవడానికి కాలిఫోర్నియా ఇచ్చిన స్టిక్కర్ల గడువు కూడా అదే రోజుకి తీరిపోయింది. ఈ రెండోదే మావాడికి ఎక్కువ బాధగా ఉన్నట్టుంది.

నాకు కార్ల గురించి తెలిసింది తక్కువ. కానీ లీజు, గడువు, మారిపోయే రూలు, ఈ మూడూ ఒక్క ఫోన్ కాల్లో వినగానే అదే కాలిఫోర్నియాలో ముప్పై ఏళ్ళ కిందట జరిగిన ఇంకో కథ గుర్తొచ్చింది. వాడికి పూర్తిగా చెప్పే టైం లేదు. ఇక్కడ చెప్తాను.

ముందు పొగ సంగతి. 1943 జూలైలో ఒకరోజు లాస్ ఏంజిలస్‌ని ఎంత మంట పుట్టించే పొగ కమ్మేసిందంటే, జపాన్ వాళ్ళు విషవాయువు వదిలారేమో అని జనం హడలిపోయారు. యుద్ధం రోజులు మరి. ఆ పొగ ఎక్కడిదో తేల్చడానికి దాదాపు పదేళ్ళు పట్టింది. కాల్‌టెక్‌లో పనిచేసే హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త, కార్ల గొట్టాల్లోంచి వచ్చే వాయువులు ఎండ తగిలి అలా మారుతున్నాయని నిరూపించాడు. 1967లో కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డు పెట్టినప్పుడు మొదటి అధ్యక్షుడు ఆయనే. పొట్టిగా కార్బ్ అంటారు. దేశమంతటికీ కాలుష్య నిబంధనలు రాకముందే కాలిఫోర్నియాకి సొంత నిబంధనలున్నాయి కాబట్టి, కేంద్రం అనుమతితో ఇంకా కఠినమైనవి పెట్టుకునే వెసులుబాటు ఆ ఒక్క రాష్ట్రానికే దక్కింది. తర్వాత జరిగిన గొడవలన్నిటికీ వేరు ఇక్కడే ఉంది.

1990 జనవరిలో లాస్ ఏంజిలస్ ఆటో షోలో జనరల్ మోటార్స్ 'ఇంపాక్ట్' అనే ఎలక్ట్రిక్ కారుని చూపించింది. మనిషి కాళ్ళతో తొక్కితే ఎగిరే విమానం తయారుచేసిన పాల్ మెక్‌క్రీడీ కంపెనీ ఏరోవైరన్‌మెంట్ దాన్ని తయారుచేసి ఇచ్చింది. అందులోని కరెంటు వ్యవస్థ బుర్ర అలన్ కొకోనీ అనే ఇంజినీరుది. ఈ పేరు మళ్ళీ వస్తుంది. ఆ వసంతంలోనే జీఎం అధిపతి రోజర్ స్మిత్ ఈ కారుని నిజంగానే తయారుచేస్తాం అని ప్రకటించేశాడు.

ఆ మాట కార్బ్ చెవిన పడింది. తయారుచేయగలం అని మీరే అంటున్నారు కదా, అయితే చేయండి. అదే ఏడాది సెప్టెంబర్లో రూలు వచ్చింది. కాలిఫోర్నియాలో అమ్మే ఏడు పెద్ద కంపెనీలు, 1998లో తాము అమ్మే కార్లలో 2 శాతం, 2001లో 5 శాతం, 2003లో 10 శాతం అసలు పొగే రానివి అమ్మాలి. గొప్పకి పోయి అన్నమాట మెడకి చుట్టుకోవడమంటే ఇదే. అక్కడి నుంచి జీఎం ఒక చేత్తో కారుని తయారుచేస్తూ, తక్కిన కంపెనీలతో కలిసి రెండో చేత్తో ఆ రూలుని లాగేసే పని మొదలుపెట్టింది.

1994లో యాభై కార్లు చేసి మామూలు జనానికి కొద్దిరోజులు నడపమని ఇస్తామన్నారు. లాస్ ఏంజిలస్‌లో పదివేల మంది దాకా ఫోన్ చేసేసరికి లైన్లు మూసేశారు. 1996 మార్చిలో కార్బ్ మెత్తబడింది. 1998, 2001 లక్ష్యాలు ఎత్తేసి, 2003 నాటి 10 శాతాన్ని మాత్రం ఉంచింది. బదులుగా కంపెనీలు కొన్ని వేల కార్లని ప్రయోగాత్మకంగా రోడ్ల మీదకి తెస్తామని ఒప్పుకున్నాయి.

1996 డిసెంబర్ 5న ఆ కారు ఈవీ1 అనే పేరుతో లాస్ ఏంజిలస్, శాన్ డియెగో, ఫీనిక్స్, టూసాన్‌లలో బయటికొచ్చింది. రెండే సీట్లు, నీటిబొట్టు ఆకారం. తాళంచెవి ఉండదు, అంకెలు నొక్కితే స్టార్ట్ అవుతుంది. మొదటి రకంలో మన ఇన్వర్టర్లలో ఉండేలాంటి లెడ్ బ్యాటరీలు. కారు బరువులో మూడో వంతుకు పైగా అవే. ఒకసారి చార్జి చేస్తే 70 నుంచి 100 మైళ్ళు అని కంపెనీ చెప్పింది. 1999లో వచ్చిన రెండో రకానికి నికెల్ బ్యాటరీలు పెట్టాక వంద మైళ్ళు దాటడం కష్టం కాలేదు. రెండు రకాలూ కలిపి చేసినవి 1,117 కార్లు.

కారు విలువ దాదాపు 34 వేల డాలర్లని లెక్కగట్టారు. కానీ ఆ డబ్బు మొత్తం పట్టుకెళ్ళి ఇచ్చినా కారు అమ్మరు. మూడేళ్ళ లీజు, నెలకి 400 నుంచి 550 డాలర్లు. గడువు తీరాక మామూలు లీజుల్లో ఉన్నట్టు కొనుక్కునే అవకాశం ఇందులో లేదు. ఒప్పందంలోనే రాసుంది.

ఇక్కడ నాకు మా తాత గుర్తొస్తాడు. ఆయనకి సొంతం రెండెకరాలు, కౌలుకి ఐదు. కౌలుకి ఇచ్చిన ఆసామి ఎప్పుడూ కాగితం రాయలేదు. రాస్తే రైతుకి ఎక్కడ హక్కు వస్తుందోనని భయం. రెండు మూడు పంటలయ్యాక "ఈసారి వేరేవాళ్ళకి అనుకుంటున్నాం" అనేవాడు, అంతే. తాత వేసిన గట్టూ, తోలించిన ఎరువూ ఆ చేలోనే ఉండిపోయేవి. జీఎం దీన్ని తిరగేసింది. ఏ హక్కూ రాకుండా చూడ్డానికే కాగితం రాసింది. సంతకం పెట్టినవాళ్ళు చదవకుండానే పెట్టారా అంటే, చదివే పెట్టారు. మూడేళ్ళు చాలా దూరం అనిపించి ఉంటుంది. తాతక్కూడా ప్రతి తొలకరికీ అలాగే అనిపించేది.

ఈలోపు రూలు చుట్టూ కోర్టు గొడవ ముదిరింది. 2001లో కార్బ్ నిబంధనల్ని మళ్ళీ సవరించింది. ఇంధనం ఎంత ఖర్చవ్వాలో చెప్పే అధికారం కేంద్రానిదే, రాష్ట్రం దొడ్డిదారిన ఆ పని చేస్తోంది అంటూ జీఎం, డైమ్లర్‌క్రైస్లర్ దావా వేశాయి. 2002 జూన్‌లో జడ్జి రూలుని నిలిపేశాడు. అక్టోబర్లో బుష్ ప్రభుత్వం కూడా కంపెనీల పక్షాన చేరింది. 2003 ఏప్రిల్లో కార్బ్ చేతులెత్తేసింది. బ్యాటరీ కార్లే అక్కర్లేదు, 2008 నాటికి పరిశ్రమ అంతా కలిపి హైడ్రోజన్‌తో నడిచే ఫ్యూయల్ సెల్ కార్లు 250 తెస్తే చాలంది. పదమూడేళ్ళ కింద లక్షల కార్లలో పదో వంతు అన్నది, ఇప్పుడు 250.

ఇక ఈవీ1లని లీజు తీరినవి తీరినట్టు వెనక్కి లాక్కోవడమే మిగిలింది. విడిభాగాలు చేసేవాళ్ళు లేరని, భద్రతకి పూచీ పడలేమని, ఈ కారు మీద దాదాపు వంద కోట్ల డాలర్లు పోశామని జీఎం చెప్పుకుంది. అందులో కొంత నిజముంది. మొదటి రకం కార్లని 2000లో మంటల ప్రమాదం ఉందని రీకాల్ చేయాల్సొచ్చింది, సప్లయర్లు లేకుండా వెయ్యి కార్లని పోషించడం ఎవరికైనా కష్టమే. కానీ నడిపినవాళ్ళు అడిగింది కూడా పెద్ద కోరికేం కాదు. ఎలా ఉందో అలాగే అమ్మండి, ఏదైనా అయితే మిమ్మల్ని అడగం అన్నారు. 2003 జూలై 24న హాలీవుడ్ ఫరెవర్ శ్మశానంలో ఆ కారుకి అంత్యక్రియలు చేశారు, వరసగా ఈవీ1లలోనే ఊరేగింపుగా వచ్చి. అదే నెల మొదట్లో ఉత్తర కాలిఫోర్నియాలో ఇద్దరు ఇంజినీర్లు టెస్లా మోటార్స్ అనే కంపెనీని రిజిస్టర్ చేసి ఉన్నారు. వాళ్ళకి స్ఫూర్తినిచ్చిన టీజీరో అనే కారుని తయారుచేసింది జీఎం నుంచి బయటపడ్డ ఆలోచనలతో సొంత కంపెనీ నడుపుతున్న అలన్ కొకోనీయే.

2005లో బర్‌బ్యాంక్‌లోని జీఎం ఆవరణలో 78 ఈవీ1లు మిగిలాయని తెలిసి కొందరు రోడ్డు పక్కన దీక్ష మొదలుపెట్టారు. వాన పడుతున్నా రాత్రుళ్ళు కూడా అక్కడే. తలా 24 వేలు వేసుకుని 19 లక్షల డాలర్లు ఇస్తాం, కార్లు మాకిచ్చేయండి అన్నారు. కంపెనీ జవాబివ్వలేదు. మార్చి మధ్యలో ట్రక్కులొచ్చాయి. వాటికి అడ్డంగా నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళని పోలీసులు అరెస్టు చేశారు. ఆ కార్లు ఎటు పోయాయో 2006లో వచ్చిన 'హూ కిల్డ్ ద ఎలక్ట్రిక్ కార్?' డాక్యుమెంటరీలో చూడొచ్చు. అరిజోనా ఎడారిలో జీఎం టెస్టింగ్ మైదానంలో, అప్పడాల్లా నలిగి ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. కొన్నిటిని పనిచేయకుండా చేసి మ్యూజియాలకి, యూనివర్సిటీలకి ఇచ్చారు. ఆ ఏడాదే జీఎం అధిపతి రిక్ వాగనర్, తన నిర్ణయాల్లో అన్నిటికంటే తప్పుది ఈవీ1ని ఆపడం, హైబ్రిడ్ల మీద సరిగ్గా ఖర్చుపెట్టకపోవడం అని ఒప్పుకున్నాడు.

అదే కాలంలో టొయోటా రావ్4 ఎలక్ట్రిక్ కార్లు 328 మామూలు జనానికి అమ్మింది. అమ్మింది కాబట్టి అవి బతికాయి. నిజానికి ఇంతకంటే వేరే తేడా నాకు కనబడలేదు.

ఇదంతా పాత ముచ్చట అనుకోవద్దు. 2019లో టెస్లా తన మోడల్ 3ని లీజుకివ్వడం మొదలుపెట్టినప్పుడు గడువు తీరాక కొనుక్కోవడానికి వీల్లేదంది. వెనక్కి తీసుకుని డ్రైవర్ లేని టాక్సీలుగా తిప్పుకుంటామంది. 2024 దాకా ఆ టాక్సీలు రానేలేదు. 2024 నవంబర్లో షరతు ఎత్తేసింది. కార్బ్ కూడా 2022లో మళ్ళీ ధైర్యం చేసి, 2035 నాటికి కొత్త కార్లన్నీ పొగలేనివే ఉండాలని రూలు పెట్టింది. 2025 జూన్ 12న ట్రంప్ సంతకంతో దానికిచ్చిన అనుమతి రద్దయింది. కాలిఫోర్నియా ఆరోజే కోర్టుకెళ్ళింది.

ఇందులో చాలావరకు మావాడికి వాట్సాప్‌లో పెట్టాను. చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి గానీ జవాబు రాలేదు. ఈలోపు సెప్టెంబర్ 19న హెచ్-1బీ మీద లక్ష డాలర్ల ఫీజు ప్రకటన వచ్చింది. ఇంట్లో అందరం ఆ రాత్రి నిద్రపోలేదు. ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకి కాదని మర్నాడు తేలింది. ఆదివారం వాడే ఫోన్ చేశాడు.

"నువ్వు చెప్పింది చదివాను. నా లీజులో చివర్న కొనుక్కోవచ్చని రాసుంది, రెండుసార్లు చూశాను."

"మరి కొంటావా?"

"వీసా మూడేళ్ళే కదా అన్నా. కారు కూడా మూడేళ్ళకే తీసుకున్నా."

ముప్పై ఆరు నెలలు. 2028 సెప్టెంబర్లో తీరుతుంది. గడువుకి నెల ముందు గుర్తు చెయ్యమన్నాడు.