నౌకాయంత్రము – కర్ణధారుడు

సంస్కృతమున కర్ణమనగా చుక్కాని యనియు నర్థము గలదు. దానిని ధరించినవాడు కర్ణధారుడు. గ్రీకులు చుక్కాని పట్టువానిని కుబెర్నేతేసు అనిరి. ఆ పదమే లాటినున గుబెర్నాతోరై, ఇంగ్లీషున గవర్నరైనది. రాష్ట్రమునకు పెద్దయగు వానికిని, ఆవిరియంత్రపు వేగమును అదుపుచేయు రెండు ఇనుపగుండ్లకును ఒకే పేరు కలుగుట హాస్యముగ దోచవచ్చును. మూలార్థమును బట్టి చూడగా గుండ్లే ఆ పేరునకు మిక్కిలి తగినవని నా తలపు.

మరపడవల చరిత్ర వ్రాయువారు సామాన్యముగ అశ్వశక్తిని లెక్కించి ముగింతురు. ఎన్ని గుర్రముల బలమో చెప్పుదురు. ఆ గుర్రములకు కళ్లెమేదో చెప్పరు. పడవ యెక్కిన వారి ప్రాణములు ఆ కళ్లెమునందున్నవి.

జేమ్సు వాటు 1788లో తన యంత్రమునకు గవర్నరు నమర్చెను. వేగము హెచ్చినచో గుండ్లు వెలుపలికి విచ్చుకొని ఆవిరి త్రోవను కొంత మూయును. తగ్గినచో దిగివచ్చి తెరచును. నేలపై నున్న మిల్లున కిది చాలెను, సముద్రముపై చాలలేదు. అల యెత్తినపుడు ఓడ వెనుకభాగము లేచి ప్రొపెల్లరు నీటినుండి బయటపడును. భారము తొలగిన యంత్రము పగ్గము తెగిన కోడెవలె పరుగెత్తును. అంతలోనే ప్రొపెల్లరు మరల మునిగి యంత్రమునకు దెబ్బ తగులును. ఊగు ఓడలో గుండ్ల బరువును నమ్మరాదు గనుక స్ప్రింగుల గవర్నరులు వలసివచ్చినవి. అదుపుచేయు సాధనమే అతిగా సవరించినచో యంత్రము తడబడునను సంగతిని మాక్సువెల్లు 1868లో గణితమున విచారించెను.

మా పోతిరెడ్డిపల్లికి కొలది దూరమున పారు మంజీర కందకుర్తి కడ గోదావరిలో కలియును. ఆ గోదావరిపై ధవళేశ్వరపు ఆనకట్టను 1847లో మొదలిడి 1852లో ముగించిన ఆర్థరు కాటను దొర, నీటిని పొలములకు మళ్లించుటతో తృప్తి పొందలేదు; నది పొడవునను పొగయోడలు నడువవలెనని వాదించెను. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము మొదలై ఇంగ్లండునకు ప్రత్తి రాక తగ్గగా, బీరారు ప్రత్తిని గోదావరి మీదుగా తీరమునకు దింపవచ్చునను ఆశ బలపడెను. రాతిమెట్టలు అడ్డుపడిన తావుల ఆనకట్టలును, లాకులును, కాలువలును తలపెట్టిరి. దుమ్ముగూడెము వద్ద ఆనకట్టయు లాకులును నిర్మింపబడినవి. వేసవిలో నీరు చాలదు. వానకాలమున వరద యాగదు. 1867లో రైలు నాగపూరు చేరెను. 1871లో ప్రభుత్వమువా రా పని విడిచిరి. యంత్రము బలముగలదైనను నది మాట వినకున్న ఏమగునో దుమ్ముగూడెపు రాళ్లు చూపుచున్నవి.

ఇక చల్లదనపు సంగతి. ఆవిరి నాళ్లలో సముద్రజలమును కాచగా ఉప్పు బాయిలరులో పేరుకొనెడిది. పనిచేసిన ఆవిరిని గొట్టములలో చల్లార్చి మరల మంచినీరుగ వాడు విధమునకు సామ్యూల్ హాలు 1834లో హక్కుపత్రము పొందెను. డీజిలు యంత్రము వచ్చిన పిమ్మట చిక్కు మారినది గాని తీరలేదు. లారీకై చేసిన ఇంజనును పడవకు బిగించుట మన నదులపై క్రొత్త గాదు. రోడ్డుపై దానిని ఎదురుగాలియు ఫ్యానును చల్లార్చును. పడవ గర్భమున గాలి యెక్కడిది? అందుచే ఇంజనులో తిరుగు మంచినీటిని నదినుండి తోడిన నీటితో చల్లార్చుదురు. ఆ నదినీరు వరదనాడు ఒండ్రును, నాచును, చెత్తను మోసికొనివచ్చును. జల్లెడ మూసికొన్నచో నీరాగును. నీరాగినచో ఇంజను కాగి నిలిచిపోవును.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణము నిలువవలెను. ఇంజను నిలిచినచో పడవ వేగము తగ్గుట మాత్రమే గదా యని మనము తలంతుము. చుక్కాని పనిచేయుట దానిని రాచికొనిపోవు నీటివలన. ప్రవాహముతో సమముగ కొట్టుకొనిపోవు పడవకు చుక్కానిని ఒరసి పారు నీరు లేదు. సరంగు ఎంత త్రిప్పినను అది గాలిలో ఆడించిన కట్టెతో సమానము. పడవకు బ్రేకును లేదు. ప్రొపెల్లరును వెనుకకు త్రిప్పియే దానిని ఆపవలెను. కావున చేతెడు జల్లెడలో చిక్కిన నాచు చుక్కానినే లేకుండ జేయగలదు. చల్లదనము వేరు, అదుపు వేరు అనుకొనుట కాగితముమీది విభాగము మాత్రమే.

విద్యుత్తు ఓడలోనికి మొదట దీపముగ వచ్చినది. 1880లో కొలంబియా అను పొగయోడపై ఎడిసను దీపములు వెలిగినవి. తరువాత పంపులకును, చుక్కానికిని, నేడు ఇంజను మెదడునకును అదియే ఆధారమైనది. 1922లో మైనోర్‌స్కీ అను శాస్త్రజ్ఞుడు చుక్కాని పట్టువారి నేర్పును పరిశీలించి, దానిని గణితమున బంధించెను. నేర్పరి ఓడ దారికి వచ్చువరకు ఆగడు; వచ్చుచుండగనే చుక్కానిని సడలించును. నేటి యంత్రనియంత్రణ విధానములు పెక్కు ఆ సరంగు చేతివాటమునకు శిష్యులే. విశాఖపట్టణమున 1948 మార్చి 14న నెహ్రూగారు జలప్రవేశము చేయించిన జల ఉష ఆవిరియోడ. ఆ రేవుననే 2009లో అణుశక్తితో నడచు అరిహంతు నీట దిగెను. మా జిల్లాలో సముద్రము లేకున్నను, 1984లో ఎద్దుమైలారమున స్థాపింపబడిన కర్మాగారము నీట నీదు యుద్ధశకటములను చేసినది. వానిలో లోనికి చేరిన నీటిని తోడు పంపులు మొదటినుండి అంతర్భాగములు. సైనికునికి అవి విధిగా అమర్చుదురు. విహారయాత్రకు పోవు గృహస్థుడు వానిని అడుగుటకు సిగ్గుపడును.

మా ప్రాంతపు కుటుంబములు పాపికొండలు చూడబోవుట కలదు. టిక్కెట్టు ధరయు, భోజనమునందలి వంటకములును అడుగుదురు. రెండవ ఇంజను గలదా, నీరుతోడు పంపునకు వేరు బ్యాటరీ గలదా, జల్లెడను నేడు కడిగితిరా యని అడిగిన గృహిణిని నేనింతవరకు చూడలేదు. అడిగినచో సరంగు నొచ్చుకొనునను మొగమాటము కాబోలు. మంచి సరంగు ఆ ప్రశ్నకు సంతసించును.

2019 సెప్టెంబరు 15న గోదావరి వరదలో కచ్చులూరు వద్ద విహారపు పడవ మునిగెను. అందులో 70 మందికి పైగా నుండిరి; 40 మందికి పైగా మరణించిరి. దాని కారణములను తేల్చుట ఈ వ్యాసమున నా పని గాదు. 37 దినముల పిమ్మట, అక్టోబరు 22న, కాకినాడనుండి వచ్చిన జట్టు ఇనుపమోకులతో లాగి దానిని బయటికి దీసెను.