మూడు టిక్కీల మనిషి

(ఇది ఏ ఒక్కరి ఇంటి కథా కాదు. బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత బతుకు ఎలా ఉంటుందో నలుగురు మనుషులుగా, ఒక కార్తీక ఆదివారంగా కూర్చిన నాటకీయ కథనం. మనుషులు కల్పితం, అందుకే పేర్లు పెట్టలేదు. ఊళ్ళు, వైద్యం, ఏళ్ళు, నిబంధనలు మాత్రం ఉన్నవే.)

పిడుగురాళ్ళ టిఫిన్ హోటల్లో సర్వరు కుర్రాడికి అర్థం కాలేదు. నలుగురు మనుషులు, ఒక ప్లేటు ఇడ్లీ. మిగతాది వాళ్ళలో ఒకరైన టీచరమ్మ స్టీలు డబ్బాలోంచి వచ్చింది, ఉడకబెట్టిన కోడిగుడ్లు.

"ఇంకేం తెమ్మంటారు సార్?"

"ఇంతే నాయనా."

కుర్రాడు బయట ఆగిన కారు వైపు చూశాడు, లోపల ఇంకా ఎవరన్నా ఉన్నారేమోనని. ఇరవై నిమిషాల తర్వాత వచ్చి చూస్తే ఒక్కొక్కరి ముందూ ఇంకా కాస్త ఇడ్లీ ముక్క ఉంది, నీళ్ళ గ్లాసులు ముట్టలేదు. బాగాలేదేమోనని ఓనరు లేచి వచ్చాడు. బాగుందని నమ్మించేసరికి టీచరమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది.

నీళ్ళు ఎందుకు ముట్టలేదంటే, ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు తినేటప్పుడు తాగకూడదు. తిన్నాక అరగంట ఆగాలి. ముందు గుడ్డో, పప్పో, చికెనో తిని, అన్నం సంగతి తర్వాత చూసుకోవాలి. ముద్ద మెత్తగా అయ్యేదాకా నమలాలి. ఇవన్నీ ఆస్పత్రి వాళ్ళు కాగితం మీద రాసిస్తారు. పల్నాడులో చుట్టాలింటికి పోయి "చాలు" అన్నాక విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి ఎలా నెగ్గుకురావాలో మాత్రం ఏ కాగితంలోనూ ఉండదు.

వీళ్ళ పరిచయం మొదలైంది హైదరాబాదులో, ఒక ఆస్పత్రి వరండాలో. కాళ్ళ రక్తనాళాల్లో నెత్తురు గడ్డకట్టకుండా ఆపరేషన్ అయిన రోజే లేపి నడిపిస్తారు. సెలైన్ స్టాండు తోసుకుంటూ, నర్సు అదిలింపులు వింటూ నడుస్తుంటే "యాడికమ్మా నడిచేది, గుంటూరు దాకానా?" అని ఎవరో గొణిగారు. ఆ యాస విని ఇంకో స్టాండు ఆగింది. "మీదేవూరు?" "నరసరావుపేట." "మాది మాచర్ల." మర్నాటికి గురజాల టీచరమ్మ, వినుకొండ నుంచి పోయి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న అమ్మాయి కలిశారు. ముగ్గురికి స్లీవ్, మాచర్ల అబ్బాయికి బైపాస్.

స్లీవ్ అంటే జీర్ణాశయాన్ని నిలువునా కోసి ఐదింట నాలుగు వంతుల దాకా తీసేయడం. మిగిలేది సన్నటి గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే, కాబట్టి చోటుతో పాటు ఆకలీ తగ్గుతుంది. బైపాస్‌లో పైన చిన్న సంచిలా మిగిల్చి, దాన్ని తీసుకెళ్ళి చిన్నపేగుకు కలుపుతారు. ఈ రెండోదానికి ఆద్యుడు అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ సర్జన్ ఎడ్వర్డ్ మేసన్. అల్సరుకు జీర్ణాశయంలో కొంత తీసేసిన రోగులు మళ్ళీ ఒళ్ళు చేయకపోవడం ఆ కాలపు సర్జన్లకు తెలుసు. లోపంగా కనబడిన దాన్నే మేసన్ 1966లో వైద్యంగా మార్చాడు.

కారు గురజాల దారి పట్టింది. నడిపేది నరసరావుపేట మిర్చి వ్యాపారి, మిగతా ముగ్గురికీ అన్న. ఆపరేషన్‌కు ముందు ఆయన్ని గోడౌన్లో హమాలీలు సరదాకి కాటా ఎక్కించారు. 131 కిలోలు. "మూడు టిక్కీలండోయ్!" అని ఒకడు అరిచాడు. మిర్చి బస్తాను ఇక్కడ టిక్కీ అంటారు. ఆ పేరు మిర్చి యార్డు దాకా పాకింది. ఆయనా అందరితో కలిసి నవ్వేవాడు. ఆ నవ్వు ఎంత ఖరీదైనదో ఆయన భార్యకు మాత్రమే తెలుసు.

ఇన్సూరెన్స్ సంగతి ఎత్తితే వినుకొండ అమ్మాయికి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన నిబంధన ప్రకారం ఈ ఆపరేషన్‌కు బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 దాటి అదుపులో లేని షుగరో, గుండె జబ్బో, నిద్రలో ఊపిరి ఆగే జబ్బో ఉండాలి. అన్నకు డబ్బులొచ్చాయి. ఆమె బీఎంఐ 34. డాక్టర్లు చెయ్యొచ్చన్నారు. భారతీయులకు తక్కువ బరువులోనే షుగరూ బీపీ పట్టుకుంటాయని వైద్యసంఘాలు మనకు కొలత తగ్గించాయి మరి. కంపెనీ కాగితాల్లో ఆ తగ్గింపు లేదు. లోను పెట్టి చేయించుకుంది, ఇంకా కడుతోంది.

"ఇంకాస్త తిని 35 చేసుకోవాల్సింది చెల్లీ," అన్నాడు మాచర్ల అబ్బాయి.

"నువ్వు నోరు మూసుకో."

టీచరమ్మకు డబ్బు కాదు అడ్డం, అత్తగారు. "ఆ హీరోయిన్ పిల్ల ఏమైందో మరిచావా?" అని గడప దగ్గర కూర్చుంది. ఆర్తీ అగర్వాల్ గురించి ఆ మాట. 'నువ్వు నాకు నచ్చావ్', 'ఇంద్ర' చూసిన ఏ ఇంట్లో మరిచిపోతారు? 2015 జూన్ 6న, 31 ఏళ్ళ వయసులో, అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రపు అట్లాంటిక్ సిటీ ఆస్పత్రిలో ఆమె పోయారు. అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకున్నారని వార్తలొచ్చాయి. అది చర్మం కింది కొవ్వును లాగేసే పద్ధతి, జీర్ణాశయం జోలికి పోదు. షుగరుకు వైద్యం కూడా కాదు. రెండూ వేరని టీచరమ్మ అత్తగారికి బొమ్మ గీసి చూపించింది. "కొయ్యడం కొయ్యడమే గదా," అందా పెద్దావిడ. ఆ మాట పూర్తిగా తప్పని నేను అనలేను. ఏ కోతకైనా ప్రమాదం ఉంటుంది, లేదని చెప్పే ఆస్పత్రిని నమ్మకూడదు.

రెంటచింతల దాటారు. ఎండల్లో రాష్ట్రం మొత్తానికీ పేరుమోసిన ఊరు కార్తీకంలో మెత్తగా ఉంది. మాచర్ల చెన్నకేశవస్వామికి దణ్ణం పెట్టుకుని, సాగర్ వైపు తిరిగి ఎత్తిపోతల చేరేసరికి పదకొండు. చంద్రవంక వాగు డెబ్బై అడుగుల పైనుంచి దూకుతోంది. చుట్టుపక్కలంతా వనభోజనాల జనం. గాడిపొయ్యిల మీద గుండిగలు, పులిహోర పోపు వాసన.

పరాయివాళ్ళు ఊరుకుంటారా? ఒక పెద్దాయన చెయ్యి పట్టుకుని మరీ లాక్కెళ్ళాడు. "కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వద్దనకూడదయ్యా." టీచరమ్మ ప్రసాదమని వేలితో ముట్టింది. వినుకొండ అమ్మాయి విస్తరి మీద ఇంకో ఆకు కప్పింది, తిన్నట్టు కనబడే ఉపాయం అది. మాచర్ల అబ్బాయికి మొహమాటం ఎక్కువ. గరిటెడు పరమాన్నం తిన్నాడు.

కాసేపటికే మెట్ల మీద కూలబడ్డాడు. ఒళ్ళంతా చెమట, గుండె దడ, కళ్ళు తిరగడం. బైపాస్ అయినవాళ్ళకు తీపి నేరుగా చిన్నపేగులో పడితే ఇట్లా అవుతుంది. డంపింగ్ అంటారు. నలుగురికీ తెలిసిన సంగతే, ఎవరూ కంగారు పడలేదు. వెల్లకిలా పడుకోబెట్టి, చుట్టూ చేరిన వాళ్ళను పంపించేశారు.

అప్పుడే టీచరమ్మ చూసింది. అతని ఎడమ కాలికి చెప్పు లేదు.

"చెప్పేదిరా?"

అబ్బాయి తల ఎత్తి కాలి వంక చూసుకున్నాడు. ఎక్కడ జారిపోయిందో తెలియలేదు. అసలు పోయినట్టే తెలియలేదు. అరికాలి కింద పదునైన రాయి గుచ్చుకుని నెత్తురు కారుతోంది, అదీ తెలియలేదు.

"తిమ్మిర్లు ఎప్పట్నించి?"

"కొన్నాళ్ళనించి ఉన్నయ్‌లే అక్కా. షుగరు వల్లేమో అనుకున్నా."

"షుగరు నీకు తగ్గిపోయింది గదా. బీ12 మాత్రలు వేసుకుంటున్నావా?"

జవాబు లేదు. ఇరవైల్లోనే షుగరు పట్టిన పిల్లాడికి బైపాస్ అయిన కొద్ది రోజుల్లోనే, బరువింకా పెద్దగా తగ్గకముందే, చక్కెర దిగొచ్చింది. ఈ ఆపరేషన్ చేసే అసలైన వింత అదే. అట్లా దిగొచ్చేసరికి జబ్బు పోయిందనుకుని మాత్రలన్నీ ఆపేశాడు. కానీ పేగు దారి మార్చినవాళ్ళు బీ12, ఇనుము, కాల్షియం, విటమిన్ డి బతికినంత కాలం బయటినుంచి తీసుకోవాల్సిందే. కాలేయంలో దాచిన బీ12 కొన్నేళ్ళు వస్తుంది, అందుకే మొదట్లో ఏమీ కాదు. అది అయిపోయాక నరాలు దెబ్బతింటాయి, ఆలస్యం చేస్తే కొంత నష్టం తిరిగిరాదు కూడా.

ఇంత జరుగుతున్నా అన్న కారు దగ్గర్నుంచి కదల్లేదు. ఫోను మాట్లాడుతున్నాడు. పొద్దుట్నుంచీ అంతే, అందరూ తినే వేళకు ఆయనకు ఫోను వస్తుంది. వదులు చొక్కా వేసుకున్నాడు. ఫొటో అంటే తీసేవాడిగానే ఉన్నాడు. వినుకొండ అమ్మాయి గమనించింది, అనలేదు.

తిరుగుదారి కారంపూడి మీదుగా. పల్నాటి యుద్ధ వీరుల గుడి ముందు కార్తీక అమావాస్య తిరునాళ్ళకు అప్పుడే సందడి మొదలైంది. ఏటా ఆ ఐదు రోజుల ఆరాధనలో చాపకూడు కూడా ఉంటుంది. కులం చూడకుండా అందర్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టి బ్రహ్మనాయుడు పెట్టించాడని చెప్పుకునే భోజనం.

"మా మాచర్లోళ్ళు పెట్టారు, మీ గురజాల నాగమ్మ కోడిపందేలు పెట్టింది," అన్నాడు అబ్బాయి, వెనక సీట్లో కాలికి కట్టుతో.

"బతికావులే, మాటలొస్తున్నయ్," అంది టీచరమ్మ.

అన్న ఆ రోజంతటికీ తనంతట తాను నోరు తెరిచింది అప్పుడే. "ఆ చాప మీద ఎవరు ఎంత తింటున్నారో బ్రహ్మనాయుడు లెక్క పెట్టాడా?" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. కారు నరసరావుపేట దాకా అట్లాగే వచ్చింది.

గోడౌను వెనకే ఇల్లు. అన్న తల్లి వాకిట్లోనే ఎదురొచ్చింది. నాటుకోడి పులుసు, గోంగూర, పండుమిరప పచ్చడి. నలుగురూ కలిసి గిన్నెడు కూడా తినరని చెప్పినా ఆమె నమ్మదు.

"మావాడికి ఆ బాధ పోయిందిలే అమ్మా. ఇప్పుడు బాగానే తింటన్నాడు. రాత్రిళ్ళు మిక్చరూ, కూల్‌డ్రింకూ ఉంటే గానీ నిద్దరపోడు."

ఆమె సంతోషంగా చెప్పిన మాట అది. కొడుకు కోలుకున్నాడని.

అన్న లేచి గోడౌన్లోకి నడిచాడు. ముగ్గురూ వెనకే పోయారు. లైటు వేసి, చెప్పులు విడిచి, ఎవరూ అడగకుండానే కాటా ఎక్కాడు. 103.

ఒకప్పుడు 84 దాకా దిగిన మనిషి. మొదటి ఏడాది పాత చొక్కాలన్నీ హమాలీలకు పంచాడు. యార్డులో సన్మానం కూడా చేశారు. మూడో ఏడు నుంచి సూది కదలడం మొదలైంది. ఆస్పత్రికి పోవడం మానేశాడు, ఏ మొహం పెట్టుకుని పోవాలని. అన్నం ముద్ద పట్టని కడుపులోకి కూల్‌డ్రింకూ మిక్చరూ మాత్రం సులువుగా దిగిపోతాయి.

ఇక్కడ నాకొక మాట అనాలనుంది. హైదరాబాదు రోడ్ల మీద ఈ ఆపరేషన్ల హోర్డింగుల్లో ముందూ తర్వాతా అని రెండు ఫొటోలుంటాయి. ఐదేళ్ళ తర్వాతది ఎవరూ వెయ్యరు. రెండేళ్ళు గడిచాక కొంత బరువు తిరిగి రావడం చాలామందికి జరిగేదే. స్థూలకాయం షుగరు లాగే జీవితాంతం కాచుకోవాల్సిన జబ్బు, కోతతో తెగిపోయేది కాదు. తిరిగొస్తే డైటీషియన్ ఉంటుంది, మందులున్నాయి, కొందరికి రెండో ఆపరేషన్ కూడా ఉంది. తప్పు చేసినవాడిలా దాక్కోవడం ఒక్కటే పనికిరానిది. అయినా అందరూ దాక్కుంటారు, సన్మానాలు చేసింది మనమే కదా.

"దిగన్నా," అంది వినుకొండ అమ్మాయి. తను ఎక్కింది. సన్నబడినా వేలాడే చర్మాన్ని దాచే బిగుతు బట్టల సంగతి, పెళ్ళిచూపుల్లో ఆపరేషన్ మాట చెప్పాలా వద్దా అని ఇంట్లో జరిగే గొడవ, అన్నీ ఆ కాటా మీద నిలబడే చెప్పింది. టీచరమ్మ జుట్టు విప్పి చూపించింది. మొదటి ఆరు నెలల్లో గుప్పెళ్ళు గుప్పెళ్ళు ఊడి, తర్వాత వచ్చింది పాత జడలో సగమే. ఎవరూ ఎవరినీ ఓదార్చలేదు. రాత్రి పదింటిదాకా టిక్కీల మీద కూర్చుని మాట్లాడుకున్నారు. అన్న ఒక కోడి ముక్కను చాలాసేపు నమిలి తిన్నాడు, అందరి ముందూ.

టీచరమ్మ ఏర్పాట్లు చేసేసింది. పొద్దున్నే అబ్బాయికి నరసరావుపేటలోనే నరాల డాక్టరు, నెత్తురు పరీక్ష. అన్న బుధవారం హైదరాబాదు. తోడు వినుకొండ అమ్మాయి.

"రేపు కుదరదక్కా," అన్నాడు అబ్బాయి. అతనిది మాచర్లలో పురుగుమందుల కొట్టు. "మిరపకు నల్లి తగిలింది. రైతులు తెల్లారే వస్తారు, కొట్టు తెరవాలి."

గుమ్మంలో నిలబడ్డ అన్న తల్లికి ఈ ఒక్క ముక్క బాగా అర్థమైంది.

"ఏందయ్యా, చేలకి టయానికి మందు కొట్టమని ఊరందరికీ చెప్తావు, నీ మందు నువ్వేసుకోవా?" అని, టిక్కీ మీదున్న కారు తాళాలు తీసుకుని బొడ్లో దోపుకుంది. "యాడికి పోతావో నేనూ చూస్తా."