ఊరి కింది రాయి, ఇంటి కింది నేల: తెలుగు ఇళ్ల నేలల చరిత్ర

ఇంటి నేలకు ఏ పదార్థం వాడాలన్న ప్రశ్న తెలుగు పల్లెల్లో చాలాకాలం తలెత్తలేదు; ఊరి భూమిలో ఏది దొరికితే అదే ఇంటి నేల అయ్యేది. మట్టి ఉన్నచోట మట్టి, సున్నం కాల్చగలిగిన చోట గచ్చు, పలకరాయి పైకి తేలిన చోట బండ పరిచారు. పర్యావరణహితమని నేడు చెప్పుకునే గుణం ఆనాడు ఒక ఆదర్శంగా కాక, దగ్గర దొరికినదానితో బతికే అలవాటుగా ఉండేది.

వీటన్నిటిలో పాతది మట్టి నేల. పునాది గోడల మధ్య గట్టిమన్ను నింపి, నీళ్లు చల్లి, దిమ్మిసతో, అంటే మట్టిని అణచడానికి వాడే అడుగు చదునైన బరువైన సాధనంతో, పొరపొరగా మోది, పైన ఎర్రమట్టిని పేడతో కలిపి అలికేవారు. పశువు కడుపులో జీర్ణం కాని గడ్డిపీచు పేడలో మిగిలి ఉంటుంది కనుక, అది మట్టిని పట్టి ఉంచి బీటలను తగ్గిస్తుంది, దుమ్ము లేవనివ్వదు. గుంట పడితే పిడికెడు మట్టితో పూడేది, ఇల్లు కూలితే నేల మళ్లీ నేలలోనే కలిసిపోయేది. అయితే ఈ నేలను నిలబెట్టింది మోకాళ్ల మీద కూర్చుని తరచుగా అలికిన ఆడవారి శ్రమ అన్న సంగతిని విస్మరించి దాని గొప్పతనాన్ని చెప్పడం న్యాయం కాదు.

కలిగినవారి ఇళ్లలోనూ గుళ్లలోనూ కోటల్లోనూ మట్టి స్థానాన్ని గచ్చు ఆక్రమించింది. గచ్చు అంటే సున్నం, ఇసుక కలిపి నూరి, పరిచి, నునుపు చేసిన గట్టి పూత. సున్నపురాయినో గుల్లలనో బట్టీలో కాల్చి, నీళ్లు పోసి చల్లార్చి, ఆ సున్నాన్ని ఎద్దులు తిప్పే రాతిచక్రపు గానుగలో మెత్తగా నూరేవారు. గట్టిదనానికీ నునుపుకీ కరక్కాయ నీరు, బెల్లం నీరు చేర్చేవారు. కాల్చినప్పుడు రాయి వదిలిన బొగ్గుపులుసు వాయువును గచ్చు గట్టిపడేటప్పుడు గాలి నుంచి నెమ్మదిగా తిరిగి పీల్చుకుని మళ్లీ రాయివంటిదవుతుంది. బట్టీకి కట్టెలు తగలబడిన మాట నిజమే అయినా, సున్నపురాయి కాలడానికి సుమారు 900 డిగ్రీల వేడి చాలు, సిమెంటు తయారీకి దాదాపు 1450 డిగ్రీలు కావాలి.

మూడవది నాపరాయి, అంటే పొరలుగా విడిపోయే సున్నపురాయి పలక. నేల మీద మొక్కలు మొలకెత్తకముందే, ప్రాచీన సముద్రాల అడుగున సన్నని బురద పొరమీద పొరగా పేరుకుని రాయిగా మారడం వల్ల, ఉలి పెట్టి సుత్తితో కొడితే అది పొర వెంబడి పలకగా లేచివస్తుంది. క్రీస్తుశకం 3, 4 శతాబ్దాల ఇక్ష్వాకుల కాలపు నాగార్జునకొండ కట్టడాలలో పలనాటి సున్నపురాయిని విరివిగా వాడిన సంగతి, నాగార్జునసాగర్ ముంపుకు ముందు 1954-60 మధ్య జరిగిన తవ్వకాలలో వివరంగా వెల్లడైంది. కడప, కర్నూలు శిలలను వర్ణిస్తూ భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1872లో వెలువరించిన గ్రంథంలో ఆ శిలా వర్గాలకు బనగానపల్లె, జమ్మలమడుగు వంటి ఊళ్ల పేర్లే పెట్టాడు.

పలక బరువైనది కనుక, ఎద్దుబండి మీద అది ఎంతో దూరం పోలేకపోయింది. 1874లో వాడి అనే ఊరి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలుమార్గం తెరుచుకుని తాండూరు మీదుగా సాగినప్పుడు ఈ హద్దు చెదిరింది. తాండూరు నీలం, పసుపు బండలూ, 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో భాగమైన షాహాబాద్ బండలూ నగరపు ఇళ్లకు చేరువయ్యాయి. రాయలసీమలో బేతంచెర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి ఇదే బండల వృత్తితో పేరు తెచ్చుకోగా, కడప నల్లబండ నేలలకే కాక వంటింటి గట్లకూ అమరింది. తరువాత సిమెంటు గచ్చు, మొజాయిక్, చివరికి సుమారు 1200 డిగ్రీల వేడిలో కాల్చే విట్రిఫైడ్ పలకలు వచ్చి, నేలకూ ఊరికీ ఉన్న సంబంధాన్ని తెంచివేశాయి.

సహజమైనదన్న ఒక్క కారణంతో నాపరాయి నిర్దోషి కాదు. గనుల చుట్టూ పేరుకున్న ముక్కరాళ్ల గుట్టలు, పూడ్చకుండా వదిలిన గోతులు, కోతకూ పాలిషుకూ వాడిన నీటితో వచ్చే తెల్లని బురద ఆ వృత్తి వెనుక ఉన్న నష్టాలు. అయినా ఒక గుణంలో దానికి సాటి తక్కువ: మట్టి మీదనో సున్నం మీదనో పరిచిన బండ ఇల్లు పడగొట్టినప్పుడు చెక్కుచెదరకుండా లేచివచ్చి మరో ఇంట్లో నేల కాగలదు, సిమెంటులో బిగించినది మాత్రం తీసేటప్పుడే పగిలిపోతుంది.

కాబట్టి నేడు ఇల్లు కట్టుకునేవారు పదార్థం పేరుతో ఆగిపోక మూడు సంగతులు విచారించాలి: అది ఎంత దూరం నుంచి వస్తున్నది, పాడైతే ఊళ్లోనే బాగుచేయగలరా, ఇంటి ఆయువు తీరాక అది ఏమవుతుంది. దగ్గరి గని నుంచి తెచ్చి, పాలిషు పట్టకుండా, సున్నంలో పరిచిన నాపరాయి ఈ మూడింటికీ నిలుస్తుంది. పాత ఇంటి నుంచి జాగ్రత్తగా లేపి మళ్లీ పరిచిన బండ అంతకన్నా మేలైనది.