చందాలు అడిగిన చేతులే గ్రాంట్లు ఇచ్చిన కాలం

కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1953 ఆగస్టులో, ఆంధ్ర రాష్ట్రం అవతరించడానికి కొన్ని వారాల ముందు ఏర్పడింది. స్వచ్ఛంద సంస్థలకు సాయంగా మొదటి పంచవర్ష ప్రణాళిక కేటాయించిన 4 కోట్ల రూపాయలను పంచడం దాని పని. ఆ సొమ్మును ఏదో ఒక శాఖకు అప్పగిస్తే ఫైళ్ల మధ్యనే ఉండిపోతుందని ప్రణాళికా సంఘ సభ్యురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్ భావించారు. సేవారంగంలో నలిగినవారూ, శాఖల ప్రతినిధులూ ఒకే బల్ల దగ్గర కూర్చుని నిర్ణయించే బోర్డుకు ఆమే తొలి అధ్యక్షురాలయ్యారు.

ఇచ్చే కుర్చీలోకి వచ్చేనాటికి ఆమెకు అడగడంలో ఉన్న కష్టం బాగా తెలుసు. 1909లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి ఉప్పు సత్యాగ్రహంలో జైలు చూసి, ఆ తరువాత మెట్రిక్ నుంచి న్యాయశాస్త్రం దాకా పట్టుబట్టి చదివారు. మద్రాసు మైలాపూరులో తెలుగు ఆడపిల్లలను బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారుచేయడంతో మొదలైన ప్రయత్నమే 1937లో ఆంధ్ర మహిళా సభగా రూపుదిద్దుకుంది. దాన్ని చందాలతోనే నిలబెట్టారు. చదువు ఆగిపోయిన స్త్రీలు రెండేళ్లలో మెట్రిక్ పూర్తిచేసేలా బోర్డు 1958లో ప్రారంభించిన సంక్షిప్త కోర్సులకు మూలం ఆ మైలాపూరు పాఠాల్లోనే ఉంది. గ్రాంట్ల చరిత్రలో ఇంతకంటే ఫలవంతమైన నిర్ణయం మరొకటి కనబడదు.

గ్రాంటు కోరే సంస్థ రిజిస్టరై ఉండాలి, సాధారణంగా మూడేళ్ల సేవ చూపాలి, ఆడిట్ అయిన లెక్కలు సమర్పించాలి, కులమతాల తేడా లేకుండా తలుపు తెరిచి ఉంచాలి, ఖర్చులో కొంత భాగం తానే సమకూర్చుకోవాలి. ఇవీ అప్పటి షరతులు. ఊరు తన వంతు వేయని పని గ్రాంటు ఆగిన రోజే ఆగిపోతుంది కనుక ఈ చివరి షరతు అన్నిటికన్నా ముఖ్యం. 1954 నుంచి రాష్ట్ర సలహా బోర్డులు దరఖాస్తులు పరిశీలించి, సంస్థలను చూసి వచ్చి, సిఫారసు పంపేవి. మంజూరు కేంద్ర బోర్డుది. కాగితం మీది మాటకన్నా కళ్లతో చూసిన పనికి విలువ ఇవ్వాలన్నది ఈ ఏర్పాటులోని ఉద్దేశం.

అదే ఏడాది మొదలైన సంక్షేమ విస్తరణ పథకాలు బోర్డును పల్లెలకు తీసుకువెళ్లాయి. బాలవాడీలు, ప్రసూతి సేవ, కుట్టుపని, వయోజన విద్య అన్నీ గ్రామసేవికలు, దాయీలు, చేతిపనుల శిక్షకురాళ్లు, వంటమనుషులు, ఆయాల భుజాల మీద నడిచాయి. వారిలో చాలామంది పేర్లు ఏ నివేదికలోనూ లేవు.

1969లో బోర్డు కంపెనీల చట్టం కింద రిజిస్టరైంది. తరువాతి దశాబ్దాల్లో శిశు సదనాలు, కుటుంబ సలహా కేంద్రాలు వచ్చాయి.

ఒక వెలితి మాత్రం చెప్పక తప్పదు. మూడేళ్ల లెక్కలు అడిగే నియమం పట్నపు సంస్థలకు కలిసివచ్చింది. అకౌంటెంటు లేని, రిజిస్ట్రేషన్ ఎక్కడ చేయించాలో తెలియని మారుమూల మహిళా మండలి వరుసలో వెనకే నిలిచింది. విడతల వారీ గ్రాంటులో తరువాతి విడత ఆలస్యమైతే ఆయాకు జీతం ఉండేది కాదు. అందరికన్నా అవసరం ఎక్కువున్నవారికి దరఖాస్తే గోడ కావడం ఈ చరిత్రలో మానని గాయం.

తెలుగు జిల్లాల్లో బోర్డు సాయంతో నడిచిన మహిళా మండళ్ల మినిట్స్ పుస్తకాలు, రసీదులు, ఫొటోలు ఎవరి దగ్గరున్నా పారేయకుండా స్థానిక గ్రంథాలయాలకు అందజేయవలసిందిగా మనవి.