ముద్రణా వృత్తి శిక్షణ

ముద్రణా వృత్తి శిక్షణ అనగా పుస్తకాలు, పత్రికలు, శుభలేఖలు, గోడపత్రికలు, అట్టపెట్టెలు మొదలైనవాటిని రూపొందించి అచ్చువేయడానికి కావలసిన పనులను నేర్పే సాంకేతిక విద్య. గ్రాఫిక్ డిజైన్, ఛాయాచిత్రణం, అచ్చుయంత్రాల నిర్వహణ, బైండింగు ఇందులోని ప్రధాన విభాగాలు. ఈ వృత్తిలో పరికరాలు ఒక తరంలోనే మారిపోతుంటాయి. కనుక ఏ విద్య ఎక్కువ కాలం ఉపయోగపడుతుందన్నది ఇందులో చేరే విద్యార్థులకు ముఖ్యమైన విషయం.

నేపథ్యం

సీసపు అక్షరాల కాలంలో ఈ పనిని ఎక్కువగా అచ్చు కార్యాలయాలలోనే నేర్చుకొనేవారు. కంపోజిటరు అక్షరాల గళ్ళు ఉన్న కేసు ముందు నిలబడి, ఒక్కొక్క అక్షరాన్ని ఏరి స్టిక్కులో పేర్చేవాడు. సీసపు అక్షరాలు అద్దంలో ప్రతిబింబం వలె తిరగబడి ఉంటాయి. వాటిని అదే విధంగా చదవడం మొదటి పాఠం. గుణింతాలు, వత్తుల వలన తెలుగు కేసులో ఆంగ్లం కంటె చాలా ఎక్కువ గళ్ళు ఉండేవి.

1985లో ఆల్డస్ సంస్థ మెకింటోష్ కంప్యూటరు కొరకు పేజిమేకర్ సాఫ్టువేరును విడుదల చేసింది. దీనితో డెస్క్‌టాప్ పబ్లిషింగ్ (డీటీపీ) వ్యాప్తిలోకి వచ్చింది. క్రమంగా అక్షరాలు పేర్చే నైపుణ్యానికి గిరాకీ పోయింది. కీబోర్డు నేర్చుకొన్న కంపోజిటర్లు డీటీపీ ఆపరేటర్లయ్యారు. మిగిలినవారు వేరే పనులు వెతుక్కోవలసి వచ్చింది.

శిక్షణా మార్గాలు

* ఐ.టి.ఐ.: పదవ తరగతి పూర్తిచేసినవారికి డీటీపీ ఆపరేటరు వంటి వృత్తులలో శిక్షణ ఇస్తారు.
* పాలిటెక్నిక్: సికింద్రాబాదులోని ప్రభుత్వ ముద్రణా సాంకేతిక సంస్థ ఈ విద్యకు ప్రత్యేకించిన పాలిటెక్నిక్. పాలిటెక్నిక్ డిప్లొమాలలో ప్రవేశం పాలిసెట్ పరీక్ష ద్వారా జరుగుతుంది.
* లలితకళలు: హైదరాబాదులో 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో అప్లైడ్ ఆర్ట్, ఫోటోగ్రఫీ అంశాలలో బి.ఎఫ్.ఏ. కోర్సులు ఉన్నాయి.
* అప్రెంటిసు: 1961 నాటి అప్రెంటిసుల చట్టం ప్రకారం, స్టైపెండు పొందుతూ సంస్థలలో పని నేర్చుకొనవచ్చును.

బోధనాంశాలు

ముద్రణను మూడు దశలుగా బోధిస్తారు: అచ్చుకు ముందు పని, అచ్చు, అచ్చు తరువాత పని. మొదటి దశలో పుటల అమరిక, చిత్రాల సవరణ, ప్లేటు తయారీ ఉంటాయి. కెమెరా, కంప్యూటరు తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులతో రంగులను చూపుతాయి. అచ్చులో సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలు వాడతారు. అందువలన తెరపై మెరిసే నీలం కాగితంపై మందకొడిగా పడవచ్చును. ఫోటోలను సాధారణంగా అచ్చు పరిమాణంలో అంగుళానికి 300 పిక్సెళ్ళు ఉండేటట్లు సిద్ధం చేస్తారు. కత్తిరింపులో తెల్లని అంచు మిగలకుండా బొమ్మను పుట అంచు దాటి సుమారు 3 మిల్లీమీటర్లు పెంచుతారు.

పుటలను ప్లేటుపై అమర్చే పద్ధతిని ఇంపోజిషన్ అంటారు. మడతపెట్టి కుట్టే 16 పుటల ఫారంలో 1వ పుట పక్కన 16వది, 2వ పుట పక్కన 15వది వస్తాయి. పక్కపక్కన ఉండే రెండు పుటల సంఖ్యల మొత్తం ఎప్పుడూ 17. ఈ లెక్క తప్పితే అచ్చయిన కాగితమంతా వృథా అవుతుంది.

తెలుగు డీటీపీ

తెలుగు డీటీపీలో పేజిమేకర్‌తో పాటు అను ఫాంట్లు విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి. ఇటువంటి ఫాంట్లలో ఆంగ్ల అక్షరాల సంకేతాల స్థానంలో తెలుగు అక్షర భాగాలను ఉంచుతారు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో పాఠం అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది. అంతర్జాలంలో వెతికినా దొరకదు. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పులోనే తెలుగుకు ప్రత్యేక స్థానం లభించింది. కాని పేజిమేకర్‌లో యూనికోడు తెలుగు సరిగా కుదరదు. అడోబ్ ఇన్‌డిజైన్‌లో 2012 నాటి సి.ఎస్.6 కూర్పు నుండి తెలుగుకు అంతర్గత సదుపాయం ఉన్నది. కనుక పాత ఫాంటుతో పాటు యూనికోడు కూడా నేర్చుకొన్నవారు అచ్చు పుస్తకానికీ, అంతర్జాల ప్రచురణకూ పనిచేయగలరు.

సాఫ్టువేర్లు మారినా కొన్ని అంశాలు మారవు. క్రింది వత్తు, తరువాతి పంక్తిలోని గుడి ఒకదానికొకటి తగలకుండా పంక్తుల మధ్య చాలినంత ఎడం ఉంచడం, అక్షరదోషాలు దిద్దడం, కాగితాన్ని, రంగును అంచనా వేయడం సీసపు అక్షరాల కాలంలోనూ అవసరమే, నేడూ అవసరమే. శిక్షణలో వీటికి ప్రాధాన్యం ఇవ్వడానికి కారణం ఇదే.

ఇవి కూడా చూడండి

* అచ్చుయంత్రం
* తెలుగు లిపి
* యూనికోడు
* ఫోటోగ్రఫీ