మన దివిసీమలో జీపు కథ: ఇంజను బాగానే ఉంది, ఉప్పే తినేసింది

ఈసారి పోస్టు కొంచెం పెద్దది. పొలం పని అయ్యాక తీరిగ్గా చదవండి.

మా జీపు రిజిస్ట్రేషన్ గడువు దగ్గరపడింది. 1991లో రిజిస్టరైన మహీంద్రా ఎంఎం 540 అది. నాన్న 1993లో గుడివాడ వైపు ఒక కాంట్రాక్టరు దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. పదిహేనేళ్ళు నిండిన దగ్గర్నుంచీ ఐదేళ్ళకోసారి పొడిగించుకుంటూ వస్తున్నాం. క్రితంసారి, అంటే 2021లో, ఫీజు ఆరువందలు. 2022 ఏప్రిల్ నుంచి దాన్ని 5,000 చేశారు. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటిన కార్లకీ జీపులకీ 10,000 చేశారు. దాని మీద ఫిట్‌నెస్ కోసం చేయించాల్సిన పని, ఇన్సూరెన్సు వేరే. "నాన్నా, పాత ఇనుము కింద ఇచ్చేద్దాం" అంటున్నాడు మా అబ్బాయి. వాడు చెప్పిన లెక్కలో తప్పు లేదు. కానీ ఇచ్చేసే ముందు ఈ బండి మన గడ్డ మీదికి ఎలా వచ్చిందో, ఎందుకు ఇన్నాళ్ళు నిలబడిందో ఒకసారి రాసి పెడదామనిపించింది.

ముందు ఒక సంగతి. మన డెల్టా జీపు కోసం పుట్టిన నేల కాదు. 1852 నుంచి 1855 వరకు బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టి కాలువలు తవ్వినప్పుడు, అవి నీళ్ళకే కాదు, పడవలకూ దారి. ధాన్యం పడవలో పోయేది, మనుషులు పడవలో పోయేవాళ్ళు. పడవ వెళ్ళని చోటికి ఎడ్లబండి. వానాకాలం డొంకల్లో ఆ బండి కూడా ఇరుసు దాకా దిగబడేది. కాలువ గట్టూ, కృష్ణ కరకట్టా, ఈ రెండే కాస్త గట్టి దార్లు. తర్వాత జీపు తిరిగింది కూడా ఎక్కువగా వాటి మీదే.

జీపు రెండో ప్రపంచ యుద్ధంలో పుట్టిన బండి. అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు 1941 నుంచి 1945 లోపు ఆరు లక్షలకు పైగా తయారు చేశాయి. అస్సాం, బర్మా వైపు యుద్ధం కోసం మన దేశానికి కూడా వచ్చాయి. యుద్ధం అయ్యాక మిలటరీ వాటిని వేలంలో వదిలించుకుంది. స్టీరింగు ఎడమవైపు ఉండే ఆ బండ్లనే మన పెద్దవాళ్ళు "లెఫ్ట్ హ్యాండ్ జీపు" అనేవాళ్ళు. 1945లో స్టీలు వ్యాపారంగా మొదలైన మహీంద్రా అండ్ మొహమ్మద్ కంపెనీ, యుద్ధం తర్వాత విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది. భాగస్వామి గులాం మొహమ్మద్ దేశ విభజనలో పాకిస్తాన్ వెళ్ళి అక్కడ మొదటి ఆర్థిక మంత్రి అయ్యాడు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. మన ట్రాక్టరు బానెట్ మీద ఉన్న పేరు వెనక ఇంత కథ ఉంది.

మన ఊళ్ళకి జీపు రైతు బండిగా రాలేదు, ఆఫీసరు బండిగా వచ్చింది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైంది. తర్వాత బ్లాకులు వచ్చాయి, బ్లాకుకో బీడీవో, బీడీవోకో జీపు. 1959 నవంబరులో మన రాష్ట్రంలో పంచాయతీ సమితులు వచ్చాక సమితి ప్రెసిడెంటు కూడా అందులోనే తిరిగేవాడు. జపాన్ పద్ధతి వరిసాగు గురించి చెప్పడానికైనా, అప్పు బకాయి అడగడానికైనా అదే జీపు. మా తాత చెప్పేవాడు, ఊరి మొదట్లో దుమ్ము లేస్తే పిల్లలు ఎదురెళ్ళేవాళ్ళట, బకాయిలున్నవాళ్ళు పెరటి దారి పట్టేవాళ్ళట. నిజం చెప్పాలంటే సమితులు పోయి మండలాలు వచ్చేదాకా మన ఊళ్ళలో ప్రభుత్వం అంటే ఒక పెట్రోలు జీపు చప్పుడు.

పెట్రోలు అన్నాను చూడండి, అసలు సంగతి అక్కడే ఉంది. ఆ జీపు రైతు కొనలేకపోవడానికి ధర ఒక కారణమైతే, తాగుడు రెండో కారణం. 1973లో చమురు ధరలు ఎగబాకాక ప్రభుత్వ ఆఫీసులే పెట్రోలు కోసం లెక్కలు చూసుకునే పరిస్థితి. దానికి మందు దొరికింది ఎక్కడో కాదు, ట్రాక్టరు షెడ్డులో.

1963లో మహీంద్రా, అమెరికా ఇంటర్నేషనల్ హార్వెస్టర్, వోల్టాస్ కలిసి మన దేశంలో బి-275 ట్రాక్టరు మొదలుపెట్టాయి. మనం ఇవాళ్టికీ "275" అంటామే, ఆ అంకె మొదలు అక్కడిదే. ఆ ట్రాక్టరు డీజిల్ ఇంజనులోంచి వచ్చిందే 1970లలో జీపుకి పెట్టిన ఎండీ 2350. అంటే దమ్ము చేసే ఇంజనుకి తమ్ముణ్ణి తెచ్చి జీపులో కూర్చోబెట్టారు. చప్పుడు ఎక్కువ, వేగం తక్కువ, కూర్చున్నవాడి దవడలు అదిరేవి. కానీ ట్రాక్టరు బాగుచేసే మెకానిక్కి జీపు కొత్త కాకుండా పోయింది. 1980లలో ఫ్రాన్సు పూజో కంపెనీ లైసెన్సుతో ఎక్స్‌డీపీ 4.90 అనే 2112 సీసీ డీజిల్ ఇంజను వచ్చింది. మా 540లో ఉన్నది అదే. నన్నడిగితే జీపు రైతు బండి అయింది అప్పుడే. ఇంట్లో ట్రాక్టరుకని డ్రమ్ములో పెట్టుకున్న డీజిలే దీనికీ పోయొచ్చు. ఊళ్ళోనే రిపేరు. ఊళ్ళో కాకపోతే గుడివాడ, అక్కడా కాకపోతే బెజవాడ ఆటోనగర్. ఆటోనగర్‌లో పాత సామాను దుకాణాల మధ్య ఒక పూట తిరిగితే జీపుకి కావలసినది ఏదో ఒకటి చేతికి తగలకుండా ఉండదు.

ఇక ఫోర్ వీల్ సంగతి. ఈ పాత జీపులో డ్రైవరు కాళ్ళ దగ్గర మూడు లివర్లుంటాయి. పెద్దది గేరు. చిన్నవి రెండూ గేరుబాక్సు వెనక ఉన్న చిన్న పెట్టెవి: ఒకటి ముందు చక్రాలను కలుపుతుంది, రెండోది బండిని నెమ్మదిగా, బలంగా లాగే లో గేరులోకి మారుస్తుంది. ఇందులో చాలామందికి తెలియని విషయం, తారు రోడ్డు మీద ముందు చక్రాలు కలిపి నడపకూడదు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాలకంటే ఎక్కువ దూరం తిరగాలి. మధ్యలో ఆ తేడా సర్దే ఏర్పాటు ఈ బండిలో లేదు. బురదలో చక్రం కొంచెం జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు, ఆ బిగింపంతా గేర్ల మీదా జాయింటు క్రాసుల మీదా పడుతుంది.

అయితే మన నల్లరేగడిలో ఈ నాలుగు చక్రాల లాగుడు పనికొచ్చిందా? సగమే. తడిసిన రేగడి టైరు గాళ్ళలో పట్టేసి టైరుని నున్నటి గుండులా చేస్తుంది. అప్పుడు రెండు చక్రాలు రెండు గోతులు తీసే చోట నాలుగు చక్రాలు నాలుగు గోతులు తీస్తాయి, అంతే. పొలంలోకి దిగాలంటే దమ్ము చక్రాలేసిన ట్రాక్టరే దిగాలి. అందుకే మనోళ్ళు చాలామంది జీపు కొన్న ఏడాదికే ముందు ప్రొపెల్లర్ షాఫ్టు ఊడదీసి కొట్టంలో పడేశారు. డీజిల్ మిగులుతుందని, జాయింటు ఖర్చు తగ్గుతుందని. మా నాన్నా అదే చేశారు. ఎన్ని ఊళ్ళలో ఎన్ని ఫోర్ వీల్ జీపులు టూ వీల్‌గా బతికాయో లెక్కేసేవాళ్ళు లేరు.

ఉప్పెన గురించి ఒక మాట. 1977 నవంబరు 19, శనివారం. జీపు కథ చెబుతున్నాను కదా అని ఉప్పెనలో జీపులు జనాన్ని కాపాడాయని రాస్తే అబద్ధం అవుతుంది. సముద్రం ఐదారు మీటర్ల ఎత్తున వచ్చి పడ్డ చోట, పదివేల దాకా జనం పోయిన చోట, మొదటి రోజుల్లో ఏ చక్రమూ తిరగలేదు. నడిచినవాళ్ళు, పడవలు, పైనుంచి పొట్లాలు పడేసిన హెలికాప్టర్లు. జీపులు వచ్చింది దార్లు తేలాక. కానీ ఆ తర్వాత ఏళ్ళలో కరకట్టలు, తుఫాను షెల్టర్లు, రోడ్లు పడ్డాయి, ఆ రోడ్ల వెనకే జీపులూ దిగాయి.

మన వైపు జీపుకి మంచి రోజులు రొయ్యలతో వచ్చాయి, చెడ్డ రోజులు కూడా వాటితోనే. 1990ల మొదట్లో టైగర్ రొయ్య. బందరు నుంచి నాగాయలంక దాకా పర్ర భూములన్నీ చెరువులయ్యాయి. మేత బస్తాలు గట్టు మీదికి, ఐసు పెట్టెలు గట్టు మీది నుంచి రోడ్డుకి. ఇరుకు గట్టు మీద, అర్ధరాత్రి పట్టుబడి రోజున, జీపు తప్ప ఇంకేం తిరుగుతుంది? మా నాన్న కొన్నదీ అందుకే. 1994 తర్వాత తెల్లమచ్చ వ్యాధి చెరువుల్ని ఊడ్చేసింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరం వెంట చెరువులు తీసేయమంది. అప్పులు మిగిలాయి, జీపులు మిగిలాయి. వనామీ వచ్చి చెరువులు మళ్ళీ లేచేసరికి, ఆ జీపుల్లో చాలావాటికి ఛాసిస్ మిగల్లేదు.

ఎందుకంటే ఉప్పు. మన జీపుల్ని బురద చంపలేదు, బరువు చంపలేదు. రొయ్యల పెట్టెల్లోంచి కారిన ఉప్పు నీళ్ళు ఫ్లోరు రేకు అతుకుల్లోకి పోయాయి. చెరువు గట్టు మీది ఉప్పు బురద ఛాసిస్ లోపలి వైపు, కమాన్ కట్టల మడతల్లో, బ్రేకు పైపుల వెంట పట్టి కూర్చుంది. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది, లోపల ఇనుము పొరలు పొరలుగా లేస్తుంది. సుత్తితో కొడితే తెలుస్తుంది: మంచి ఇనుము ఖంగుమంటుంది, తిన్న ఇనుము బొద్దుగా మోగుతుంది. పాత జీపు కొనబోయేవాళ్ళకి నేను చెప్పేది ఇదొక్కటే, ఇంజను స్టార్ట్ చేసి చూడకముందే కిందకి దూరి సుత్తితో కొట్టి చూడండి.

మా బండి నిలబడింది నాన్న చాదస్తం వల్ల. చెరువు నుంచి వచ్చిన ప్రతిసారీ, ఎంత రాత్రయినా, కాలువలో మంచినీళ్ళు తోడి కింద నుంచి కొట్టించేవారు. వేసవిలో కాలువ కట్టేస్తే చేతిపంపు నీళ్ళు. ఏడాదికోసారి ట్రాక్టరు మార్చిన పాత ఆయిల్‌ని బ్రష్‌తో ఛాసిస్ లోపల పూసేవారు. అప్పట్లో నేను విసుక్కునేవాణ్ణి.

2019లో ఆ ముందు షాఫ్టు మళ్ళీ బిగిద్దామని గుడివాడ మెకానిక్ బాబాయ్ దగ్గరికి తీసుకెళ్ళాను. డెబ్భై దాటిన మనిషి. ముందు చక్రాల దగ్గర గుండ్రటి బుడిపెలు ఉంటాయి చూడండి, స్టీరింగు తిప్పితే తిరిగేవి, వాటి సీలు విప్పాడు. లోపల గ్రీజు ఉండాల్సిన చోట మజ్జిగ లాంటి తెల్లటి నీళ్ళు కారాయి.

"ఏంటబ్బాయ్, ఇరవై ఏళ్ళు వాడలేదు కదా అని చూడటం కూడా మానేశారా? వాడని గేరే ముందు పోద్ది" అన్నాడు.

"షాఫ్టు తీసేశాం కదా బాబాయ్, ఇంకేం పాడవుద్ది అనుకున్నాం."

"షాఫ్టు కొట్టంలో ఉంది, చక్రం నీళ్ళలోనే ఉంది గదయ్యా."

నిజమే. షాఫ్టు తీసినా ముందు ఇరుసు బండితోనే నీళ్ళలో మునుగుతుంది. లోపలి గేర్లు తిరిగి ఆయిల్ చల్లుకుంటేనే తుప్పు పట్టదు. నెలకోసారి మట్టి డొంకలో ఒక అరకిలోమీటరు ముందు చక్రాలు కలిపి నడపమన్నాడు. నీళ్ళలోంచి వచ్చాక బ్రేకు మీద కాలు ఆనించి కాసేపు పోతే డ్రమ్ములు ఆరతాయి, ఆరకుండా రోడ్డెక్కొద్దన్నాడు. గేర్ ఆయిల్ తెల్లబడితే నీళ్ళు చేరినట్టే, అప్పుడే మార్చమన్నాడు. ఆ పనికి పదకొండు వేలు అయింది. ఇంట్లో మాట పడ్డాను.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. గుర్తుంది కదా అందరికీ, కోసిన వరి పనల మీదే వాన. మాది ఎనిమిది ఎకరాల ధాన్యం డొంక పక్కన కుప్పగా ఉంది. ఆటోలు రామన్నాయి, ట్రాక్టర్లన్నీ ఎవరి పొలాల్లో వాళ్ళవి. తుఫాను ముందు రోజు సాయంత్రం నుంచి లో గేరులో, నాలుగు చక్రాలూ కలిపి, ట్రిప్పుకి పది బస్తాలు చొప్పున కరకట్ట మీదికి ఎక్కించాం. మా అబ్బాయి వెనక నిలబడి టార్పాలిన్ పట్టుకున్నాడు. సగం పైన తేలింది, మిగతాది మొలకొచ్చింది. పదకొండు వేలు ఆ రాత్రే తిరిగొచ్చాయని నేను లెక్క చెబితే, మొలకొచ్చిన దాని సంగతేంటని మా ఆవిడ అడిగింది.

ఇప్పుడు సంగతి ఇదీ. ఇంజను ఇంకా పదేళ్ళు ఆడుతుంది. ఫీజు పదివేలు ఎలాగో కట్టొచ్చు. మొన్న కిందకి దూరి కొడితే ఎడమవైపు ఛాసిస్, వెనక కమాన్ కట్ట బ్రాకెట్ పైన, జానెడు మేర బొద్దుగా మోగింది. ఆ ముక్క కోసి కొత్త ప్లేటు వెల్డింగ్ చేయించకుండా ఫిట్‌నెస్‌కి తీసుకెళ్ళడం నాకిష్టం లేదు, పాస్ చేసినా సరే, అది మనుషులెక్కే బండి. మా అబ్బాయితో ఒప్పందం అయింది: కోసి చూసినప్పుడు తుప్పు జానెడు దగ్గరే ఆగితే బండి ఉంటుంది, క్రాస్ మెంబరు దాకా పాకి ఉంటే ఇచ్చేస్తాం. వచ్చే ఆదివారం గుడివాడలో కోత.

ఈలోగా మీ ఎవరి కొట్టంలోనైనా 540 పాత ఛాసిస్ గానీ, ముందు చక్రాల బుడిపె సీళ్ళు గానీ పడి ఉంటే చెప్పండి. నాగాయలంక, అవనిగడ్డ వైపైతే నేనే వచ్చి చూస్తాను. సుత్తి తెచ్చుకుంటాను, ఏమీ అనుకోకండి.